వీపుల పెళ్ళి

మా ఆయన అబద్ధం చెబితే చెవులు ఎర్రబడతాయి. ఈ సంగతి పెళ్ళయిన కొత్తలోనే కనిపెట్టాను గానీ ఆయనకి మాత్రం ఇంతవరకూ చెప్పలేదు. చెబితే ఎండాకాలంలో కూడా మఫ్లరు చుట్టుకుని తిరుగుతాడు.

ఆ ఆదివారం పొద్దున ఆయన చెవులు మామూలుగానే ఉన్నాయి. అందుకే నాకు భయమేసింది.

జరిగింది ఇంతే. మా అమ్మాయి వకుళ మంగళగిరి నుంచి వచ్చింది. పెసరట్లు వేస్తూ, మాట మీద మాట వచ్చి, వీపుల పెళ్ళి ఊసెత్తాను. మా ఇంట్లో ఆ కథ చెప్పటానికి ఒక పద్ధతి ఉంది. మొదలుపెట్టేది నేను. సగంలో నన్ను ఆపి, "నువ్వుండు, నీకు సరిగ్గా చెప్పటం రాదు" అని లాక్కునేది ఆయన. చివరి మాట మాత్రం ఇద్దరం కలిసే అంటాం. నలభై ఏళ్ళుగా ఇదే వరస. ఆ రోజు నేను సగం దాకా వచ్చి ఆగాను. ఆయన లాక్కోలేదు. అల్లం పచ్చడి నంజుకుంటూ బుద్ధిగా వింటున్నాడు. చేసేదిలేక చివరిదాకా నేనే చెప్పుకుపోయాను. అయ్యాక నవ్వాడు. అది ఇంటికొచ్చిన చుట్టాలు మర్యాదకి నవ్వే నవ్వు.

"బాగుంది. ఎవరి పెళ్ళది?" అన్నాడు.

నాన్న వేళాకోళమాడుతున్నాడనుకుని వకుళ పడీపడీ నవ్వింది. నేను ఆయన చెవుల వంక చూస్తూ ఉండిపోయాను. పెనం మీద అట్టు మాడిపోయింది.

ఆ పెళ్ళి సంగతి తెలియాలంటే మీరు నాతోపాటు నలభై మూడేళ్ళు వెనక్కి రావాలి. మా ఆయన పేరు పానకాలరావు. తెనాలిలో పెళ్ళిళ్ళకి వీడియోలు తీసేవాడు. భుజాన మోసే కెమెరా, దానికో పొడుగాటి వైరు, వైరు చివర లైటు పట్టుకునే మనిషి, ఆ లైటు వేడికి చెమటలు కక్కే పెళ్ళికూతురు. ఆ పనిలో ఉన్న వాళ్ళంతా ఎక్కడో ఒకచోట సినిమా డైరెక్టరు కావాలనుకుంటారు. ఈయన అనుకోవటంతో ఆగలేదు. పెళ్ళికి ముందే హైదరాబాదు వెళ్ళి ఒక డైరెక్టరు దగ్గర చేరాడు. పదకొండు రోజులు ఆయనకి గొడుగు పట్టి, పన్నెండో రోజు గొడుగు ఆయన చేతికే ఇచ్చి బస్సెక్కాడు. అదీ మా మనిషి.

నేను స్కూల్లో ఇంగ్లీషు టీచర్ని. పేరు స్వరాజ్యం. మా నాన్న పెట్టిన పేరు, దానికి తగ్గట్టే పెరిగాను. పెళ్ళయిన మూడో వారం ఈయన బెజవాడ లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల అంగడి నుంచి ఒక పొట్లం తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు.

"ఏందిది?" అన్నాను.

"డైరెక్షను."

"డైరెక్షను పుస్తకంలో ఉంటదా?"

"వంట పుస్తకంలో వంట ఉండట్లా? నువ్వు చదివి చెప్పు, నేను చేసి చూపిస్తా."

అట్టలు రెండూ ఊడిపోయిన ఇంగ్లీషు పుస్తకం. దాని పేరేమిటో, రాసిందెవరో మాకు ఎప్పటికీ తెలియలేదు. ఈయనకి ఇంగ్లీషు పదో తరగతిలో ముప్పై ఐదు మార్కులు, అవీ పక్కవాడి పుణ్యం. అందుకని ప్రతి ఆదివారం భోజనాలయ్యాక నేను ఒక పేజీయో రెండు పేజీలో చదివి తెలుగులో చెప్పేదాన్ని. నాకు ఇంగ్లీషు వచ్చుగానీ సినిమా రాదు. ఆయనకి సినిమా వచ్చుగానీ ఇంగ్లీషు రాదు. అందువల్ల ప్రతి వాక్యం దగ్గరా పోట్లాట. "అట్టా రాసుండడు, మళ్ళీ చదువు" అనేవాడు. "రాసింది నేను కాదు, కావాలంటే ఆ దొరని పిలిపించి అడగండి" అనేదాన్ని.

కెమెరా పెళ్ళి ముహూర్తాలకి తప్ప బయటికి తీసేది కాదు. మిగతా రోజుల్లో సాధన చెయ్యటానికి ఆయన పాత శుభలేఖలు కత్తిరించి, మధ్యలో టీవీ తెర కొలతకి కన్నం చేసేవాడు. ఆయన దగ్గర శుభలేఖలకేం కొదవ. చెరొకటి పట్టుకుని ఆ కన్నంలోంచి చూసేవాళ్ళం. రైల్వే స్టేషన్ వంతెన ఎక్కి, కింద సాగనంపేవాళ్ళని కన్నంలో పెట్టి, ఎవర్ని ఉంచాలి, ఎవర్ని తీసెయ్యాలి అని వాదించుకునేవాళ్ళం. కదిలే కెమెరా గురించి చదివిన వారం, ఆయన సైకిలు క్యారేజీ మీద వెనక్కి తిరిగి కూర్చుని కన్నంలోంచి చూస్తుంటే, కాలవ గట్టు పొడుగునా సైకిలు తోసింది నేను. మర్నాడు స్కూల్లో పిల్లలు ఒకటే ముసిముసి నవ్వులు. మొగుణ్ణి తిరగేసి కూర్చోబెట్టుకుని ఊరేగించిన పంతులమ్మ అని పేరొచ్చింది. రానీ అనుకున్నాను. అంత సంతోషంగా ఉండేదాన్ని.

ఇక వీపుల పెళ్ళి. ఒక ఆదివారం చదివిన పేజీలో గీత సంగతి ఉంది. ఇద్దరు మనుషులు ఎదురెదురుగా ఉంటే వాళ్ళ చూపుల మధ్య ఒక గీత ఉందనుకోవాలి, కెమెరా ఆ గీతకి ఒక పక్కనే ఉండాలి, దాటితే చూసేవాడికి ఎవరు ఎటున్నారో తికమక అవుతుంది. ఆ మాట ఆయనకి ఎంత నచ్చిందో. పేజీ తిప్పబోతుంటే మా ఆడపడుచు పిల్లలతో దిగింది. పుస్తకం మూసేసి కాఫీ పెట్టటానికి లేచాను. ఆ గురువారమే దుగ్గిరాలలో పెళ్ళి.

జీలకర్రా బెల్లం దగ్గర నుంచి తలంబ్రాల దాకా, పెళ్ళికొడుక్కీ పెళ్ళికూతురికీ మధ్య మనసులో ఒక గీత గీసుకుని, ఒక పక్కనే బండరాయిలా నిలబడి తీశాడు మహానుభావుడు. కెమెరాకి ఎదురుగా చేరినవాళ్ళంతా మగపెళ్ళివారు. గీతకి ఇటుపక్క, కెమెరాకి వీపు పెట్టి నిలబడ్డవాళ్ళంతా ఆడపెళ్ళివారు. మూడు గంటల క్యాసెట్టు. పది రోజులయ్యాక పెళ్ళికూతురి పెదనాన్న క్యాసెట్టు పట్టుకుని మా గుమ్మంలోకొచ్చాడు. కోప్పడలేదు పాపం. కుర్చీలో కూర్చుని మంచినీళ్ళు తాగి, "బాబూ, మా వాళ్ళ వీపులన్నీ బ్రహ్మాండంగా పడ్డయ్యి. ఇంతవరకూ మా వీపులు మేం చూసుకోలా. మొహాలు మాత్రం ఎక్కడన్నా ఉన్నయ్యేమో కాస్త చూసిపెట్టు" అన్నాడు.

ఆయన వెళ్ళాక పుస్తకం తీసి తర్వాతి పేజీ చదివాను. నువ్వు దాటుతున్నట్టు చూసేవాడికి తెలిసేలా చేస్తే గీతని ఎంచక్కా దాటొచ్చు అని మొదటి వాక్యంలోనే ఉంది. మా ఆయన నా వంక చూశాడు. నేను ఆయన వంక చూశాను. ఇద్దరం ఒకేసారి "కాఫీ" అన్నాం. ఆ కథలో చివరి మాట అదే. ఇంకొక్క పేజీ చదివాకే కాఫీ పెట్టి ఉంటే ఆ పెళ్ళి గట్టెక్కేది.

అలా రెండేళ్ళు పట్టింది పుస్తకం పూర్తికావటానికి. తర్వాత ఇంకో మూడు పుస్తకాలు తెచ్చాడు. ఆ తర్వాత సినిమాలూ తీశాడు. అయిదు. రెండు ఆడాయి, మూడు ఆడలేదు. ఎక్కడ షూటింగున్నా సాయంత్రం ఏడింటికి ఎస్టీడీ బూతు నుంచి ఫోను వచ్చేది. "రేపటి సీను చెప్తా, విను" అనేవాడు. నేను వినేదాన్ని. అడ్డం తగిలేదాన్ని. ఆయన విసుక్కునేవాడు, ఫోను పెట్టేసేవాడు, పది నిమిషాల్లో మళ్ళీ చేసేవాడు. నేను ఒక్క షూటింగుకీ వెళ్ళలేదు. స్కూలు, వకుళ చదువు, మా అత్తగారి మంచం, వీటితో తీరితే గదా.

ఇప్పుడు వకుళ దగ్గరికి రావాలి. అది మెదడు మీద పనిచేసే శాస్త్రజ్ఞురాలు. మంగళగిరి దగ్గర ప్రయోగశాలలో ఆరేళ్ళు కష్టపడి ఒక యంత్రం తయారుచేసింది. దానికి పేరు పెట్టింది నేనే, ఒరవడి అని. కాపీ పుస్తకంలో పంతులు రాసిన అక్షరాల మీద పిల్లలు పెన్సిలు తిప్పుతారు చూడండి, దాన్ని ఒరవడి అంటాం. వకుళ యంత్రం చేసేదీ అదే. పని బాగా తెలిసిన మనిషి తలకి ఒక టోపీ పెడతారు. అతని పనితనం దాంట్లోకి దిగుతుంది. ఆ తర్వాత ఏమీ రానివాళ్ళకి ఆ టోపీ పెడితే, ఆ గురువు కన్ను ఎక్కడ పడుతుందో వీళ్ళ కన్నూ అక్కడే పడుతుంది, చెయ్యీ అటే పోతుంది. ముందు మంగళగిరి నేతగాళ్ళ మీద చేశారు. పుట్టి బుద్ధెరిగి మగ్గం ముందు కూర్చుని ఎరగని ఒక పిల్ల రెండో రోజుకల్లా అంచు వంకర పోకుండా నేసింది. పేపర్లలో ఫోటోలు పడ్డాయి.

"ఎట్టా దిగుతుందే అది?" అని అడిగితే వకుళ నాకు అర్థమయ్యే భాషలో చెప్పింది.

"జ్ఞాపకం బెల్లం పాకం లాంటిదమ్మా. మామూలప్పుడు గడ్డకట్టుకుని ఉంటది. గుర్తు తెచ్చుకున్నప్పుడు కరుగుద్ది. పనైపోయాక మళ్ళీ గడ్డకడద్ది. కరిగి ఉన్న కాసేపట్లో మేం అచ్చు తీసుకుంటాం. అందుకే ఆ పని ఎట్టా నేర్చుకున్నారో చెప్పండి అని అడుగుతాం. అది తలుచుకుంటే పనితనమంతా కరిగి పైకొస్తది."

నేతగాళ్ళ తర్వాత వాళ్ళ నాన్నని అడిగింది. నేను వద్దనలేదు. ఆయన సినిమాలు ఇప్పుడెవరూ చూడటం లేదు. నేర్చుకుంటానని గుమ్మం తొక్కినవాళ్ళు లేరు. "నేను పోతే ఇదంతా నాతోనే కాటికి పోద్ది. నలుగురికి పనికి రానీ" అన్నాడు. పైగా అచ్చు తీసుకోవటం అయ్యాక, గుంటూరులో సినిమా చదువుకునే పిల్లలతో కలిసి నలభై నిమిషాల సినిమా ఆయన చేతే తీయిస్తామన్నారు. పద్నాలుగేళ్ళ తర్వాత మళ్ళీ కెమెరా వెనక్కి. ఆ మాట విన్న రోజు ఆయన గడ్డం గీసుకుని, తెల్ల చొక్కా వేసుకుని, పనేమీ లేకపోయినా బజారంతా తిరిగొచ్చాడు.

వారానికొకటి చొప్పున అయిదు విడతలు. పెసరట్ల ఆదివారానికి నాలుగయ్యాయి, నాలుగింటికీ నేనూ వెళ్ళాను. అద్దం ఇవతల బెంచీ మీద కూర్చునేదాన్ని. లోపల టోపీ పెట్టుకుని ఆయన చేతులు తిప్పుతూ ఏదేదో చెప్పేవాడు. గీత సంగతి ఒక వారం, కదిలే కెమెరా ఒక వారం, ఎవర్ని ఉంచి ఎవర్ని తీసెయ్యాలో ఒక వారం. నాకు మాటలు వినపడేవి కాదు గానీ చేతులు చూస్తే ఏ ఆదివారం గురించి చెబుతున్నాడో తెలిసిపోయేది. బయటికొచ్చి "ఆకలేస్తంది" అనేవాడు. పులిహోర డబ్బా తీసేదాన్ని. నవ్వుతూ తినేవాడు. అలా నవ్వుతూనే పోగొట్టుకుంటున్నాడని నాకేం తెలుసు.

పెసరట్ల రోజు మధ్యాహ్నం వకుళ కునుకు తీస్తుంటే, నేను ఆయన పక్కన చేరి మామూలుగా అడిగినట్టు అడిగాను.

"మన పెళ్ళయిన కొత్తలో ఆదివారాలు ఏం చేసేవాళ్ళమండీ?"

"ఏముంది, భోంచేసి పడుకునేవాళ్ళం."

"డైరెక్షను ఎట్టా నేర్చుకున్నారు మీరు?"

"ఏమో. పెళ్ళిళ్ళు తీసీ తీసీ వచ్చేసిందనుకుంటా."

బీరువాలోంచి పుస్తకం తెచ్చి చేతిలో పెట్టాను. "నీ కాలేజీ పుస్తకమా?" అంటూ పేజీలు తిప్పాడు. పక్కన ఖాళీల్లో పెన్సిలుతో తెలుగులో రాసినవి చూసి ఆగాడు. అవన్నీ నేను చెబుతుంటే ఆయన రాసుకున్నవే.

"ఇది నా రాతే" అన్నాడు. ఆయన మొహంలో కంగారు చూసి పుస్తకం లాగేసుకున్నాను.

మిగతావన్నీ ఉన్నాయి. మా పెళ్ళి గుర్తుంది, మా అమ్మ పెట్టిన తిట్లు గుర్తున్నాయి, వకుళ పుట్టిన రోజు వానతో సహా గుర్తుంది. ఆ ఆదివారాలూ, వాటి వెంట వచ్చిన సాయంత్రం ఏడింటి ఫోనులూ మాత్రం లేవు. మేమిద్దరం మొగుడూ పెళ్ళాలుగా ఉన్నది నలభై మూడేళ్ళయితే, మేమిద్దరం మేముగా ఉన్నది ఆ ఆదివారాల్లోనే. అవి ఇప్పుడు నా ఒక్కదాని తలలోనే మిగిలాయి. ఇద్దరు చూసినదాన్ని ఒక్కళ్ళే గుర్తుపెట్టుకోవటమంత ఒంటరితనం ఇంకోటి లేదు.

లేచాక వకుళకి చెప్పాను. మొదట కొట్టిపారేసింది.

"వయసమ్మా. డెబ్బై రెండేళ్ళు నాన్నకి."

"వయసైతే అన్నిట్లోనూ కాస్త కాస్త పోవాలి. ఏరి ఏరి అవే పోతయ్యా?"

"నేతవాళ్ళకి ముందూ వెనకా పరీక్షలు చేశామమ్మా. ఒక్కళ్ళకీ ఏమీ పోలా."

"వాళ్ళని ఏమని అడిగారు?"

"మగ్గం నేర్చుకున్న రోజులు గుర్తున్నయ్యా అని అడిగాం. ముందూ గుర్తులేదన్నారు, తర్వాతా..." అని అక్కడ ఆగిపోయింది.

దానికీ అప్పుడే తట్టింది. మగ్గం పక్కన పుట్టినవాళ్ళకి నేత ఎప్పుడు నేర్చుకున్నారో ఎందుకు గుర్తుంటుంది? నడక ఎప్పుడు నేర్చుకున్నావంటే నేను మాత్రం ఏం చెబుతాను. వాళ్ళకి పోవటానికే ఏమీ లేదు. మా ఆయన ఇరవై తొమ్మిదేళ్ళ వయసులో, కళ్ళు తెరుచుకుని, పేజీ పేజీ లెక్కన నేర్చుకున్నాడు. అచ్చు తీసిన పాకం మళ్ళీ గడ్డకట్టలేదు.

మర్నాడే ముగ్గురం ప్రయోగశాలకి వెళ్ళాం. ఆయన్ని క్యాంటీన్లో కూర్చోబెట్టి, వకుళ వాళ్ళ నాన్న అచ్చుని ఎక్కించిన టోపీ తానే పెట్టుకుంది. అంతవరకూ దాన్ని ఎవరికీ పెట్టి చూడలేదట. కిటికీలోంచి బయటికి చూడటం మొదలుపెట్టింది. చెట్టు కింద కార్లు తుడిచేవాడు, గేటు దగ్గర ఎవరితోనో వాదిస్తున్న ఆడమనిషి. దాని చూపు వాళ్ళ నాన్న చూపులాగే, తల కాస్త ఎడమకి వంచి, ఒక మనిషి మీద నుంచి ఇంకో మనిషి మీదకి పోతోంది. ఉన్నట్టుండి అది నా చెయ్యి పట్టుకుంది.

"అమ్మా, నీ గొంతు వినపడతంది."

"నేనేం మాట్లాడలేదే."

"ఇప్పటి గొంతు కాదు. చాలా చిన్న వయసుది. నేను ఎటు చూసినా, అటు కాదు అంటన్నావు. పోట్లాడుతున్నావు." దాని కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి. "నాన్నది చూపు కాదమ్మా. నాన్న చూట్టం లేదు, వింటన్నాడు. నువ్వు ఏం అంటావో గుర్తు తెచ్చుకుని దానికి జవాబు చెప్తన్నాడు. ఆయన డైరెక్షనంతా అదే."

మా పిల్ల నా ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చింది. ఆరేళ్ళు కష్టపడి కట్టిన యంత్రం, మొదటి దెబ్బ కన్నతండ్రికే తగిలింది. నాకు దాని మీద కోపం రావాలి, వచ్చింది కూడా. కానీ ఏడుస్తున్న పిల్లని తిట్టటం నా వల్ల కాదు.

"ఇదే మళ్ళీ నాన్నకి పెడితే?" అన్నాను.

"పెట్టొచ్చు. కానీ ఇప్పుడు నాకు వినపడినట్టే ఆయనకీ వినపడుద్ది. ఎవరో ఎవరికో చెప్తన్నట్టు. తనదని అనిపించదు."

వద్దన్నాను. నన్ను నేనే పరాయిదాన్ని చేసి ఆయన తలలోకి తోయించటం నాకు ఇష్టం లేకపోయింది.

క్యాంటీన్లో ఆయనకి అంతా విడమర్చి చెప్పాం. టీ చల్లారేదాకా విన్నాడు. ఇంకా అయిదో విడత మిగిలి ఉంది, నటుల చేత పని చేయించుకోవటం గురించి. అది ఇచ్చేస్తాననే అన్నాడు.

"పోయినట్టు నాకు తెలియనే తెలియట్లా స్వరాజ్యం. తెలియనిదానికి నేనెట్టా బాధపడేది? మొదలుపెట్టిన పని సగంలో ఎందుకు వదలాలి?"

"మీకు తెలియకపోతే నాకు తెలుసు. అది నేను ఇవ్వను."

"తలకాయ నాదేగా."

"సగం నాది" అన్నాను. క్యాంటీన్లో అందరూ మా వంక తిరిగారు. తిరిగితే తిరిగారు. ఆయన చల్లారిన టీ గ్లాసు పక్కకి జరిపాడు. అయిదో విడత మానేశారు, సినిమా మాత్రం ఉంచారు. ఆ తర్వాత వకుళ ఆ యంత్రానికి తాళం వేసి, పెద్దయ్యాక నేర్చుకున్నవాళ్ళ జోలికి పోకూడదని రాతపూర్వకంగా ఇచ్చింది.

షూటింగుకి ముందు ఆ నెల్లాళ్ళూ నేను ఆయనకి ఆ ఆదివారాలు చెప్పటానికి ప్రయత్నం చేశాను. సైకిలు సంగతి, శుభలేఖల సంగతి, స్టేషన్ వంతెన. శ్రద్ధగానే వినేవాడు. "అట్టాగా" అనేవాడు. "భలే చేశామే" అనేవాడు. ఒక్కసారన్నా "నువ్వుండు, నీకు చెప్పటం రాదు" అంటాడేమోనని ఎదురుచూసేదాన్ని. అనలేదు. నా కథ నేనే చెప్పుకుని నేనే వింటున్నట్టు ఉండేది. నాలుగోసారి మానేశాను.

షూటింగు రోజు వచ్చింది. తెనాలి బోసురోడ్డులో మూతపడిన ఒక టైలరు కొట్టు అద్దెకి తీసుకున్నారు. పొద్దున ఏడింటికి వెళ్ళాడు. పదకొండింటికి వకుళ ఫోను చేసింది.

"అమ్మా, ఒకసారి రా. నాన్న గంట నుంచి నిలబడే ఉన్నాడు. ఒక్క షాటూ తీయలేదు."

ఆటో ఎక్కి వెళ్ళాను. కొట్టు లోపల కుట్టుమిషను ముందు టైలరు వేషంలో ఒకాయన, ఎదురుగా జాకెట్టు తీసుకుపోవటానికి వచ్చినట్టు ఒకావిడ, చుట్టూ పన్నెండు మంది పిల్లలు. అందరూ ఊపిరి బిగబట్టుకుని ఆయన్నే చూస్తున్నారు. ఆయన పెన్ను కొరుకుతూ కెమెరా పక్కన నిలబడ్డాడు. నన్ను చూసి పక్కకి తీసుకుపోయాడు.

"రావట్లా స్వరాజ్యం. ఎదురుగానే ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియట్లా. ఇదివరకు ఇట్టా ఉండేది కాదు. సీను తలుచుకుంటే చాలు, ఎవరో అడ్డం తగిలి చెప్తన్నట్టు ఉండేది."

"ఎవరో" అట. నలభై మూడేళ్ళ కాపురంలో అంత మాట ఎప్పుడూ అనలేదు. కొరడాతో కొట్టినట్టయింది. ఇంటికి పోదామని అనిపించింది కూడా. కానీ ఆయన మొహం చూస్తే, రేపు ఉదయం ఈ మనిషి ఇక ఎందుకు లేచి కూర్చోవాలా అనిపించేలా ఉంది. ఈ ఒక్క సినిమా పోతే ఆయన ఇక లేవడు. నాకది అద్దంలో చూసినట్టు తెలుసు.

"సీను ఏంది?" అన్నాను.

"టైలరుకి చూపు పోతంది. నలభై ఏళ్ళుగా జాకెట్లు కుట్టించుకున్న ఆమెకి, ఇదే ఆఖరిదమ్మా అని చెప్తాడు. అంతే."

"కెమెరా ఎవరి మీద పెట్టారు?"

"ఆయన మీద. నాలుగు రకాలుగా చూశా. పేలవంగా ఉంటంది."

"ఆమె మీద పెట్టండి."

విసుక్కున్నాడు. "అదెట్టా? కళ్ళు పోయేది ఆయనకి. బాధ ఆయనది. మాట్టాడేది ఆయన."

"మాట్టాడే మనిషి ఎటూ వినపడతాడు. ఆ మాట చెప్పటానికి ఆయన నెల నుంచి తయారయ్యుంటాడు. ఆమెకి ఇప్పుడే తెలుస్తంది. జరిగేదంతా ఆమె మొహంలోనే."

"ఆమె మొహం మీద పెడితే ఆయన చేతులు పోతయ్యి. నాకు చేతులు కావాలి."

"చేతులు తర్వాత చూపించండి. ముందు ఆమె జాకెట్టు మడత విప్పి చూసుకుంటదా లేదా?"

"చూసుకుంటది."

"మరి ఆ కుట్టు వంకరగా ఉందనుకోండి. ఆయనకి కనపళ్ళా, ఆమెకి కనపడింది. చెప్తదా?"

ఆయన నోట్లోంచి పెన్ను తీశాడు. చాలాసేపు ఆమె వంకా, జాకెట్టు వంకా చూశాడు.

"చెప్పదు" అన్నాడు మెల్లగా. "బాగా కుదిరిందయ్యా అంటది." వెంటనే గొంతు పెంచాడు. "కానీ దగ్గరగా పెట్టను. నువ్వనేది మరీ దగ్గర. కాస్త దూరం నుంచి, ఆయన భుజం మీదుగా."

"భుజం ఎందుకు మధ్యలో?"

"భుజం ఉండాలి. నీకు తెలియదు, ఊరుకో."

భుజం దగ్గర ఇద్దరం గట్టిగానే పోట్లాడుకున్నాం. పిల్లలు నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. వకుళ గోడకి చేరగిలబడి కళ్ళు తుడుచుకుంటోంది. చివరికి ఆయన మాటే నెగ్గింది, భుజం ఉంది. కెమెరా జరిపించి "యాక్షన్" అన్నాడు. ఆవిడ జాకెట్టు మడత విప్పింది, కుట్టు మీద వేలు పెట్టింది, ఒక్క క్షణం ఆగి, బాగా కుదిరిందయ్యా అంది. కొట్టులో ఎవరూ కదల్లేదు. కట్ చెప్పటం ఆయన కూడా కాసేపు మర్చిపోయాడు. అది భుజం లేకపోతే అంత బాగా వచ్చేది కాదని నేను ఒప్పుకుంటాను, ఆయన ముందు కాదు.

తర్వాత నా దగ్గరికొచ్చాడు. కొత్తగా చూస్తున్నాడు నన్ను.

"నీకిదంతా ఎట్టా తెలుసు?" అన్నాడు.

చెప్పటానికి నా దగ్గర నలభై మూడేళ్ళున్నాయి. నెల నుంచీ చెప్పి చెప్పి విసిగిపోయి ఉన్నాను కూడా, అవన్నీ ఆయనకి ఎవరివో కథలు.

"పుస్తకాల్లో చదివాన్లెండి."

"మరి ఇన్నేళ్ళూ ఒక్క మాటన్నా చెప్పలేదే" అన్నాడు నిష్ఠూరంగా.

"మీరు అడగలేదు" అన్నాను.

"ఇప్పుడడుగుతున్నాగా. కూర్చో" అని కెమెరా పక్కనున్న తన కుర్చీ నా వైపు జరిపి, తనేమో టైలరు స్టూలు లాక్కున్నాడు. కూర్చున్నాను. రెండో షాటు దగ్గర ఇద్దరం భోజనాల వేళ దాటిందాకా పోట్లాడుకున్నాం.